ఇంగ్లిష్ ఇడియమ్స్: అర్థం తెలిసినా వాడబోతే ఎందుకు తేడా కొడుతుంది?

"వందల కొద్దీ ఇంగ్లిష్ ఇడియమ్స్‌ని అర్థాలతో సహా బట్టీ పట్టాను. ఎక్కడైనా చదివితే అర్థమవుతున్నాయి. తీరా నేను వాడితే ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగి చూస్తున్నారు. తప్పు ఎక్కడుంది? అసలు ఏవి నేర్చుకోవాలి?" అన్నది ప్రశ్న.

జాబితాల్లో ఇడియమ్ (జాతీయం) పక్కన ఒక అర్థం రాసి వదిలేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆ అర్థం ఎంతవరకు వర్తిస్తుందో, అందులో ఏ మాట కదపకూడదో, ఎవరి దగ్గర అనకూడదో జాబితా చెప్పదు. నోటితో వాడాల్సి వచ్చినప్పుడు కావలసినవి సరిగ్గా అవే. అందుకే బాగా వాడుకలో ఉన్న కొన్నింటిని తీసుకుని, అర్థంతో పాటు ఆ సంగతులు కూడా చెబుతాను.

"అండర్ ది వెదర్" సంగతి చూడండి. ఒంట్లో బాగోలేకపోవడం అని ఉంటుంది జాబితాలో. నిజానికి అది మన "కాస్త నలతగా ఉంది"కి సరిసమానం. జలుబు, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, అంతవరకే. గుండె ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి "హీ ఈజ్ అండర్ ది వెదర్" అంటే ఆయన బాధను తేలిక చేసినట్టు వినపడుతుంది. అక్కడ "సీరియస్లీ ఇల్" అని మామూలుగా చెప్పడమే మర్యాద.

"వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అంటే అమావాస్యకో పున్నానికో. ఇది ఒక పని ఎంత అరుదుగా జరుగుతుందో చెప్పే మాట. "హీ కాల్స్ మీ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" సరైనది. "నిన్న అరుదుగా ఆయన కలిశాడు" అనే ఉద్దేశంతో "ఎస్టర్‌డే ఐ మెట్ హిమ్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అంటే వాక్యం విరిగిపోతుంది, ఎందుకంటే నిన్న అనేది ఒక్కసారి జరిగిన సంగతి. అలాంటప్పుడు "అవుట్ ఆఫ్ ది బ్లూ" కావాలి, అంటే ఉన్నట్టుండి, అనుకోకుండా. రెండింట్లోనూ నీలం ఉంది కాబట్టి చాలామంది ఒకదాని చోట ఇంకొకటి పెట్టేస్తారు.

"బ్రేక్ ది ఐస్" పరిచయం లేనివాళ్ల మధ్య మొదట్లో ఉండే బిగువు సడలించడానికి వాడతారు. గొడవ పడ్డవాళ్లు మళ్లీ కలిసిపోతే "బరీ ది హ్యాచెట్", అపార్థాన్ని మాట్లాడుకుని తొలగించుకుంటే "క్లియర్ ది ఎయిర్". "ఎ పీస్ ఆఫ్ కేక్" చేసే పనికి మాత్రమే చెల్లుతుంది: పరీక్ష, ప్రయాణం, రిపేరు. మనిషి నెమ్మదస్తుడని చెప్పడానికి పనికిరాదు. కేక్ ఉన్నంత మాత్రాన అన్నీ తీపి మాటలు కావు. "దట్ టేక్స్ ది కేక్" అన్నప్పుడు చాలాసార్లు "ఇది మరీ విడ్డూరం" అనే విసుగు ఉంటుంది.

"కాస్ట్ ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్" అంటే ఖరీదైనది అని రాసుకున్నారేమో. అందులో ధరతో పాటు ఫిర్యాదు కూడా ఉంది: జేబుకు చిల్లు పడింది అన్నట్టు. ఎవరైనా మీకు బహుమతి ఇస్తే మెచ్చుకోలుగా ఆ మాట అనకండి. వస్తువు అమ్మేవాళ్లు దీన్ని తిప్పి, "ఇట్ వోంట్ కాస్ట్ యూ ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్" అని వాడుకుంటారు.

ఎక్కువగా కాదనే వాక్యాల్లోనే కనిపించేవి కొన్ని ఉన్నాయి. వాటి మీద ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. "నాట్ మై కప్ ఆఫ్ టీ" అంటే అది నాకు నచ్చే వ్యవహారం కాదు. "మై కప్ ఆఫ్ టీ" అని ఇష్టాన్ని చెప్పడం తప్పు కాదు గానీ అరుదు. "వీ డోంట్ సీ ఐ టు ఐ" అంటే మాకు అభిప్రాయం కలవదు. "ఐ కాంట్ మేక్ హెడ్ ఆర్ టెయిల్ ఆఫ్ ఇట్" అంటే తలాతోకా తెలియడం లేదు. దీన్ని అవును వాక్యంలో పెట్టి "ఐ మేడ్ హెడ్ అండ్ టెయిల్ ఆఫ్ ఇట్" అనడం వినేవాళ్లకు కొత్తగా ఉంటుంది. "దట్ డజంట్ హోల్డ్ వాటర్" అంటే ఆ వాదన నిలవదు. "డోంట్ బీట్ ఎరౌండ్ ది బుష్" అంటే డొంకతిరుగుడు మాటలొద్దు, అసలు సంగతి చెప్పు. బ్రిటన్‌లో ఎరౌండ్ బదులు "ఎబౌట్" అంటారు.

ఇక రూపం. "స్పిల్ ది బీన్స్" అంటే రహస్యం బయట పెట్టేయడం, "కిక్ ది బకెట్" అంటే చనిపోవడం. రెండూ చూడటానికి ఒకే అచ్చులో ఉన్నాయి. కానీ మొదటిదాన్ని "ది బీన్స్ వర్ స్పిల్డ్" అని కర్మణి వాక్యంగా తిప్పొచ్చు, రెండోదాన్ని తిప్పకూడదు. "ది బకెట్ వాజ్ కిక్డ్" అనగానే నిజంగా ఎవరో బకెట్‌ను తన్నారనే అర్థం వస్తుంది. కారణం ఉంది. మొదటిదాంట్లో ప్రతి ముక్కకూ ఒక అర్థం అతుకుతుంది: బీన్స్ అంటే రహస్యాలు, స్పిల్ అంటే బయట పెట్టడం. రెండోదాంట్లో బకెట్‌కు విడిగా ఏ అర్థమూ లేదు, మొత్తం కలిపితేనే చావు. ముక్కలుగా అర్థం చెప్పగలిగినవి కొంత వంగుతాయి, చెప్పలేనివి వంగవు. పలుకుబడి ఉపయోగించి పని చేయించుకోవడాన్ని చెప్పే "పుల్ స్ట్రింగ్స్" మొదటి రకం. అందుకే "పుల్డ్ ఎ ఫ్యూ స్ట్రింగ్స్" అని మధ్యలో మాట చేర్చినా బాగానే ఉంటుంది.

వంగేవాటిలోనూ ఏకవచనం, బహువచనం, ఆర్టికల్ జోలికి వెళ్లకండి. "స్పిల్ ది బీన్" అనే మాట లేదు. "రెయినింగ్ డాగ్స్ అండ్ క్యాట్స్" అని వరుస మార్చకూడదు. అసలు "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అనే మాటే ఇప్పుడు పాతబడింది. పాఠ్యపుస్తకాల్లో కనిపించినంతగా నోళ్లలో వినిపించదు, "ఇట్స్ పోరింగ్" అంటే సరిపోతుంది. కాలం మార్చాల్సినప్పుడు క్రియను మాత్రం మార్చాలి. "బైట్ ది బుల్లెట్", అంటే తప్పని కష్టాన్ని పళ్ల బిగువున భరించి పని మొదలుపెట్టడం, భూతకాలంలో "బిట్ ది బుల్లెట్" అవుతుంది. "లెట్ ది క్యాట్ అవుట్ ఆఫ్ ది బ్యాగ్" (నోరు జారి రహస్యం బయట పెట్టేయడం), "హిట్ ది నెయిల్ ఆన్ ది హెడ్" (సరిగ్గా అసలు విషయాన్నే చెప్పడం) భూతకాలంలోనూ అలాగే ఉంటాయి. "హిట్టెడ్" అనకండి.

ఒక్క చిన్న మాటతో అర్థం తలకిందులయ్యే జంటలు అన్నిటికంటే ప్రమాదం. "లూజ్ హార్ట్" అంటే నిరుత్సాహపడటం. అదే "లూజ్ యువర్ హార్ట్ టు సమ్‌వన్" అంటే ప్రేమలో పడటం. పరీక్ష తప్పిన స్నేహితుడికి ధైర్యం చెబుతూ "డోంట్ లూజ్ యువర్ హార్ట్" అంటే అనుకున్నది ఒకటి, వినిపించేది ఇంకొకటి. "టేక్ హార్ట్" అంటే ధైర్యం తెచ్చుకో. "టేక్ ఇట్ టు హార్ట్" అంటే మనసుకు పట్టించుకోవడం. "లెట్స్ కాల్ ఇట్ ఎ డే" అంటే ఈ పూటకు పని ఇక చాలిద్దాం. "ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే" అంటే అన్నీ లెక్క వేసుకున్నాక, చివరికి. "బై ది ఎండ్ ఆఫ్ ది డే" అంటే నిజంగానే సాయంత్రంలోగా. ఆఫీసు ఈమెయిల్‌లో గడువు చెబుతూ "ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే, ది రిపోర్ట్ షుడ్ బి రెడీ" అని మొదలుపెడితే, అవతలివాళ్లు దాన్ని గడువుగా తీసుకోకపోవచ్చు.

తెలుగు జాతీయాలతో జత కలిపి నేర్చుకోవడం మంచి పద్ధతే, కొన్ని అచ్చు గుద్దినట్టు సరిపోతాయి. "కిల్ టూ బర్డ్స్ విత్ వన్ స్టోన్"కు ఒక దెబ్బకు రెండు పిట్టలు. "అవుట్ ఆఫ్ ది ఫ్రయింగ్ ప్యాన్ ఇన్‌టు ది ఫైర్"కు పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు. "బిట్వీన్ ది డెవిల్ అండ్ ది డీప్ సీ"కి ముందు నుయ్యి వెనక గొయ్యి. "మేక్ ఎ మౌంటెన్ అవుట్ ఆఫ్ ఎ మోల్‌హిల్"కు గోరంతను కొండంత చేయడం. "టర్న్ ఎ డెఫ్ ఇయర్"కు పెడచెవిన పెట్టడం. వీటి మీద సమయం పెట్టక్కర్లేదు, ఒకసారి చూస్తే గుర్తుండిపోతాయి.

సమయం పెట్టాల్సింది దగ్గరగా కనిపిస్తూ పక్కకు పోయేవాటి మీద. "పుల్ సమ్‌వన్స్ లెగ్" అంటే సరదాగా ఆటపట్టించడం. అబద్ధాన్ని నిజమని నమ్మించి నవ్వుకోవడం లాంటిది. మన "కాళ్లు పట్టి కిందికి లాగడం"లో ఎదుటివాడు పైకి రాకుండా చేసే దుర్బుద్ధి ఉంది. సహోద్యోగి మీ ఎదుగుదలకు అడ్డుపడుతున్నాడని చెప్పడానికి "హీ ఈజ్ పుల్లింగ్ మై లెగ్" అంటే అతను మీతో హాస్యమాడుతున్నాడని అర్థమవుతుంది. "సిట్ ఆన్ ది ఫెన్స్" మన గోడ మీద పిల్లి అనుకుంటాం. మన పిల్లి ఎటు లాభమో అటు దూకడానికి కాచుకుని ఉంటుంది. ఇంగ్లిష్‌లో కంచె మీద కూర్చున్న మనిషి ఏ పక్షమూ తీసుకోకుండా ఉన్నాడు, అంతే. "ఐయామ్ ఆన్ ది ఫెన్స్ ఎబౌట్ ఇట్" అని తన గురించి తానే చెప్పుకోవచ్చు, అందులో చిన్నతనం లేదు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం" పక్కన చాలా జాబితాల్లో "క్రయింగ్ ఓవర్ స్పిల్ట్ మిల్క్" ఉంటుంది. అది సరిగా అతకదు. ఇంగ్లిష్ మాట జరిగిపోయినదానికి ఏడవడం దండగ అంటుంది. తెలుగు మాట సమయం మించాక జాగ్రత్త పడటాన్ని ఎత్తి చూపుతుంది. దానికి సరైన జోడీ "షటింగ్ ది స్టేబుల్ డోర్ ఆఫ్టర్ ది హార్స్ హాజ్ బోల్టెడ్". "ది పాట్ కాలింగ్ ది కెటిల్ బ్లాక్" గురివింద గింజకు దగ్గరే గానీ, ఇంగ్లిష్‌లో ఇద్దరికీ అదే లోపం ఉండాలి. గురివిందకు తన నలుపు కనపడకపోవడమే ప్రధానం.

తెలుగు మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోకి దించడం ఇంకో గొయ్యి. "నా బుర్ర తినకు"ను "డోంట్ ఈట్ మై హెడ్" చేస్తే బయటివాళ్లకు అర్థం కాదు. "స్టాప్ బగింగ్ మీ" అనొచ్చు, చనువున్నచోట. "బైట్ మై హెడ్ ఆఫ్" అనే మాట ఉంది గానీ దాని అర్థం వేరు: చిన్నమాటకే కస్సుమని మీద పడటం. అలాగే "ఈట్ యువర్ వర్డ్స్" అంటే చెప్పబోయిన మాటను మింగేయడం అనుకోకండి. అన్న మాట తప్పని తేలాక ఒప్పుకోవాల్సి రావడం అది.

ఎవరి దగ్గర అనొచ్చన్న సంగతికి వస్తే, "కిక్ ది బకెట్" గురించి గట్టిగా చెప్పాలి. అది తేలిక మాట, మన "బాల్చీ తన్నేశాడు"లో ఉన్నంత చులకన ఉంది. సంతాప సందేశంలో "పాస్డ్ అవే" అనండి. ఆఫీసు మాటల్లో "ఆన్ ది సేమ్ పేజ్" (అందరికీ ఒకే అవగాహన ఉండటం), "ఇన్ ది లూప్" (సమాచారం అందుతూ ఉండటం), "గెట్ ది బాల్ రోలింగ్" (పని మొదలుపెట్టడం), "ది బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్" (ఇక నిర్ణయం మీదే), "అప్ ఇన్ ది ఎయిర్" (ఇంకా తేలలేదు) నిస్సంకోచంగా వాడొచ్చు. "బాల్‌పార్క్ ఫిగర్" అంటే ఉజ్జాయింపు అంకె. ధర చెప్పేటప్పుడు అది ఖాయం కాదని ముందే తెలియజేస్తుంది కాబట్టి చాలా పనికొస్తుంది. "కట్ కార్నర్స్" అంటే ఖర్చు కోసమో తొందర కోసమో నాణ్యత వదిలేసి పని కానిచ్చేయడం. అది ఆరోపణ. తక్కువ సమయంలో తెలివిగా చేశామని గొప్పగా చెప్పడానికి వాడితే మీ మీద మీరే నింద వేసుకున్నట్టవుతుంది. ఒప్పంద పత్రాలు, లిఖితపూర్వక ఫిర్యాదులు, పరిశోధన వ్యాసాల్లో ఇవేవీ వద్దు.

ఇంగ్లిష్ పరిజ్ఞానాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష రాసేవాళ్లకు ఒక మాట. మాట్లాడే పరీక్షలో 7వ బ్యాండ్ (స్కోరు స్థాయి) వివరణలోనే అంత సాధారణం కాని మాటలు, నుడికారం కొంత వాడటం గురించి ఉంది. దాన్ని చూసి ప్రతి జవాబులో రెండేసి ఇడియమ్స్ కుక్కుతారు. అదే వివరణలో మాటల స్థాయి, పొందిక గురించిన అవగాహన కూడా ఉందని గమనించాలి. మొత్తం సంభాషణలో సహజంగా కుదిరినవి రెండు మూడు చాలు. రాత పరీక్ష రెండో టాస్క్ వ్యాసంలో దాదాపు ఏమీ లేకపోయినా నష్టం లేదు.

బ్రిటన్, అమెరికా మధ్య తేడాలు చాలావరకు ఒక మాట మార్పు మాత్రమే. బ్రిటన్‌లో "స్టార్మ్ ఇన్ ఎ టీకప్", అమెరికాలో "టెంపెస్ట్ ఇన్ ఎ టీపాట్". బ్రిటన్‌లో "టచ్ వుడ్", అమెరికాలో "నాక్ ఆన్ వుడ్". కప్పిపుచ్చడానికి బ్రిటన్‌లో "కార్పెట్" కిందికి ఊడిస్తే అమెరికాలో "రగ్" కిందికి. ఏది వాడినా అర్థమవుతుంది. ఒకే రాతలో రెండూ కలపకుండా ఉంటే చాలు. నిజంగా భయపడాల్సింది "టేబుల్" అనే క్రియ గురించి. బ్రిటన్‌లో ఒక ప్రతిపాదనను టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇరు దేశాల అధికారులు ఈ మాట దగ్గర చాలాసేపు వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని చర్చిల్ రాశారు. అంతర్జాతీయ సమావేశంలో ఆ మాట వదిలేసి "డిస్కస్ నౌ" అనో "పోస్ట్‌పోన్" అనో తేటగా చెప్పండి.

గుర్తుపెట్టుకోవడానికి అక్షర క్రమం కంటే పుట్టిన చోటును బట్టి గుంపులు చేయడం బాగా పని చేస్తుంది, ఒక్క దృశ్యం నాలుగింటిని పట్టుకుంటుంది. బాక్సింగ్ నుంచి "త్రో ఇన్ ది టవల్" (ఓటమి ఒప్పుకోవడం), "బిలో ది బెల్ట్" (అన్యాయపు దెబ్బ), "ఆన్ ది రోప్స్" (ఓటమి అంచున ఉండటం), "సేవ్డ్ బై ది బెల్" (ఆఖరి క్షణంలో గట్టెక్కడం). పేకాట నుంచి "ఫాలో సూట్" (ముందువాళ్లు చేసినట్టే చేయడం), "కాల్ సమ్‌వన్స్ బ్లఫ్" (బెదిరింపు ఉత్తదేమో చేసి చూపమనడం). నాటకశాల నుంచి "ఇన్ ది లైమ్‌లైట్". 19వ శతాబ్దంలో సున్నాన్ని తీవ్రమైన మంటతో వేడి చేసి రంగస్థలం మీద పుట్టించిన తెల్లటి వెలుగు అది, అందులో నిలబడ్డ మనిషి మీదే అందరి చూపూ ఉంటుంది. "టర్న్ ఎ బ్లైండ్ ఐ", అంటే చూసీ చూడనట్టు వదిలేయడం, బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ కథతో ముడిపడి ఉంది. 1801 కోపెన్‌హేగెన్ యుద్ధంలో వెనక్కి రమ్మనే సంకేతం వస్తే, చూపు పోయిన కంటికి దుర్భిణి పెట్టుకుని సంకేతమేదీ కనపడటం లేదన్నాడని చెబుతారు. ఆ దృశ్యం మనసులో ఉంటే అర్థంలోని కీలకం, అంటే తెలిసి తెలిసీ పట్టించుకోకపోవడం, ఎప్పటికీ పోదు.

అయితే పుట్టుక కథలన్నీ నమ్మకండి. గడ్డి కప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి పడేవి కాబట్టి ఆ వాన ఇడియమ్ పుట్టిందనీ, "సేవ్డ్ బై ది బెల్" శవపేటికకు కట్టిన గంట నుంచి వచ్చిందనీ ఈమెయిళ్లలో పాకి నేటికీ తిరుగుతున్నవి కట్టుకథలు. గుర్తుపెట్టుకోవడానికి వాడుకుంటే వాడుకోండి గానీ పది మందికి నిజమని చెప్పకండి.

వారానికి ఐదు మించి పెట్టుకోవద్దు. ఒక్కోదానికి నోటు పుస్తకంలో నాలుగు వరుసలు రాయండి: అర్థం, మీరు నిజంగా విన్న లేదా చదివిన వాక్యం, ఏది మార్చొచ్చో ఏది మార్చకూడదో, ఎక్కడ అనకూడదో. రెండో వరుస దొరకని ఇడియమ్‌ను ఇప్పటికి పక్కన పెట్టేయండి, మీరు ఉండే చోట దాని వాడుక తక్కువని అర్థం. నేర్చుకునేవాళ్ల కోసం చేసిన నిఘంటువుల్లో ఇన్‌ఫార్మల్, ఓల్డ్-ఫ్యాషన్డ్, డిసప్రూవింగ్ అనే చిన్న గుర్తులుంటాయి. అర్థం కంటే ముందు వాటిని చూడండి. ఇంకా అనుమానముంటే కోకా అనే అమెరికన్ ఇంగ్లిష్ కార్పస్‌లో (నిజంగా వాడిన మాటలను పోగు చేసిన పెద్ద నిల్వలో) వెతకండి. అందులో 1990 నుంచి 2019 వరకు మాట్లాడినవీ రాసినవీ కలిపి 100 కోట్లకు పైగా పదాలున్నాయి. పది ఉదాహరణలు వరుసగా చదివితే ఆ ఇడియమ్ ముందు "నాట్" ఉంటోందా, మాటల్లో ఉంటోందా, పత్రికల్లో ఉంటోందా వెంటనే తెలిసిపోతుంది.

వినేటప్పుడు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు బాగా తెలిసిన సామెతను సగమే అని ఆపేస్తారు. "వెల్, వెన్ ఇన్ రోమ్" అని ఊరుకుంటారు. మిగతాది "డూ యాజ్ ది రోమన్స్ డూ", అంటే వెళ్లిన చోటి పద్ధతినే పాటించడం. "ఎ బర్డ్ ఇన్ ది హ్యాండ్" అని ఆపితే, పొదలోని రెండు పిట్టల కంటే చేతిలోని ఒకటి మేలని. పూర్తి వాక్యం మీకు తెలిసి ఉంటేనే ఆ సగం అందుతుంది. "స్పీక్ ఆఫ్ ది డెవిల్" కూడా అలా కత్తిరించినదే. ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో వాళ్లే వచ్చినప్పుడు అంటారు. అందులో దయ్యం ఉందని కంగారు పడొద్దు, "తలచుకోగానే వచ్చావు, నీకు నూరేళ్లు" అని మనం అనే చోటే అది వస్తుంది. స్నేహితులు, కలిసి పని చేసేవాళ్ల మధ్య అనుకోవచ్చు. కొత్తగా పరిచయమైన పెద్దవాళ్లు వస్తే "వీ వర్ జస్ట్ టాకింగ్ ఎబౌట్ యూ" అనండి.